డాక్టరుగారి మొగుడి పన్ను

నాలుగు రోజులుగా నడకకి ఎందుకు రావడం లేదని మీరంతా అడుగుతున్నారు. నడవడానికి కాళ్ళు చాలు, నిజమే. కానీ మనం నడిచేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. నా నోరు బాగా లేదు, అందుకే రాలేదు. ఇవాళ కాస్త తెరిపిన పడింది కాబట్టి జరిగిందంతా చెప్పేస్తాను. మా ఆవిడ మీ ఆవిడలకి చెప్పి, వాళ్ళు మీకు చెప్పేకన్నా, నేను చెప్పుకోవడమే మర్యాద.

మీకు తెలిసిందే, మా ఆవిడ పళ్ళ డాక్టరు. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. ఉద్యోగం మానేశాక నేను మెట్లు దిగి ఆసుపత్రి ముందుగదిలో బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని వరుసగా లోపలికి పంపడం, అయిపోయిన సామాను తెప్పించడం నా పని. జీతం లేదు. రెండు పూటలా భోజనం ఉంది.

పై అంతస్తులో ఆవిడ నన్ను 'ఏవండీ' అంటుంది, నేను ఆవిడని 'ఏమోయ్' అంటాను. మెట్లు దిగామా, ఆవిడ డాక్టరుగారు. నేను 'ముందుగదిలో ఆయన'. మూడో మెట్టు మీద నిలబడి మాట్లాడుకోవలసి వస్తే ఎవరం ఎవరమో ఇద్దరికీ అయోమయంగా ఉంటుంది.

మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ పని ఆవిడది, నా పని నాది. సాయంత్రం ఎదురుపడేసరికి ఇద్దరిలో ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు రోజంతా గోడకి అవతల ఆవిడ గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఎవరికో 'నోరు ఇంకా పెద్దగా తెరవండి' అని చెబుతుంటే వింటూ కూర్చోవడం నాకు చాలా బాగుంటుంది.

అటువంటి కుర్చీకే ముప్పు వచ్చింది. తప్పు నాదే. మొదటిసారి, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు చికిత్స గదిలో సొరుగులన్నీ సర్దాను. సీసాలనీ డబ్బాలనీ మూతల రంగుల ప్రకారం పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. తిరిగొచ్చిన ఆవిడ మత్తుమందు కోసం వెతుక్కుంటూ ఉండగా కుర్చీలో ఉన్న మనిషికి భయంతో నొప్పి తగ్గిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

రెండోసారి, హెడ్మాస్టరుగారి వ్యవహారం. ఆయన రిటైరై చాలా కాలమైంది, అయినా వీధంతా ఆయన్ని మేష్టారనే అంటారు. ఆయన పన్నుకి మా ఆవిడ తాత్కాలికంగా ఫిల్లింగు వేసింది. తాత్కాలికం అంటే, పంటి లోపల మందు పెట్టి, అది పనిచేసేదాకా పైన మూత వేయడం. అలా వేయించుకున్నవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం నా బాధ్యత. ఆ వైపు నమలకండి. బంకగా సాగేవి తినకండి. టాఫీల జోలికి అసలే పోకండి. మూత ఊడిందంటే ఉమ్మి లోపలికి దిగుతుంది, ఉమ్మి దిగిందంటే చేసిన పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది. ఇదంతా నేను చేతులు కట్టుకుని, రాగయుక్తంగా చెబుతాను.

మేష్టారి ఫిల్లింగు రెండు రోజుల్లో ఊడింది. ఆయన ఆ ముక్కని కాగితంలో పొట్లం కట్టుకుని తెచ్చారు. ముందుగది నిండా జనం ఉన్నారు. అంతమందిలో నేను ఆయన్ని నిలబెట్టి, "పెద్దవారు మీరే ఇలా చేస్తే పిల్లలకి ఏం చెబుతాం?" అని మందలించాను. జీవితమంతా ఇతరులని మందలించిన మనిషి, తల వంచుకుని విన్నారు.

ఆ సాయంత్రం మా ఆవిడ తలుపు వేసి చెప్పింది. కేకలు వేయలేదు. ఆవిడ కేకలు వేస్తే నాకు భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం.

"నొప్పితో వచ్చినవాళ్ళని తిట్టడానికి మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టలేదు. ఇంకోసారి పేషెంట్లని ఏమన్నా అన్నా, నా సొరుగుల్లో చెయ్యి పెట్టినా ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు."

"నేను ఎక్కడ కూర్చోను?"

"పైన టీవీ ముందు."

ఉరిశిక్ష వేసేటప్పుడు కూడా అంత సౌమ్యంగా వేస్తారనుకోను.

సరిగ్గా ఆ వారమే నాకు పన్ను నొప్పి లేచింది. పై వరసలో కుడివైపు వెనక దంతం. మా ఆవిడ చూసి, రూట్ కెనాల్ చెయ్యాలంది. మొదటి విడత చేసి, మందు పెట్టి, మూత వేసి, వారం తర్వాత తెల్లటి పక్కా ఫిల్లింగు వేస్తానంది. నేను బయటికి వచ్చి, అలవాటు కొద్దీ నాకు నేనే జాగ్రత్తలు చెప్పుకున్నాను.

ఐదు రోజులు బుద్ధిగానే ఉన్నాను. ఆరో రోజు సామాను సరఫరా చేసే ఏజెంటు వచ్చి, నా బల్ల మీద టాఫీల డబ్బా పెట్టి వెళ్ళాడు. పళ్ళ ఆసుపత్రిలో టాఫీలు పంచేవాడు వ్యాపారం తెలిసినవాడే. మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయారు. మా ఆవిడ భోంచేసి పైన నడుం వాల్చింది. నేనూ, డబ్బా మిగిలాం.

నేను ఎడమవైపు నమిలితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎడమవైపే నమిలాను. కానీ టాఫీకి కుడీ ఎడమా తెలియదు. అది కాసేపటికి దానంతటదే అటు వెళ్ళింది. నోట్లో టక్కున శబ్దమైంది. టాఫీని బయటికి తీసి చూస్తే, దాని మీద బూడిదరంగు ముక్క కూర్చుని ఉంది.

నాలుక పెట్టి చూసుకున్నాను. నాలుకకి గోరంత గొయ్యి కొండంత కనిపిస్తుంది. నాకు బావిలా తోచింది. చికిత్స గదిలోకి వెళ్ళి చిన్న అద్దం నోట్లో పెట్టుకుని చూశాను. అడుగున ఏదో తెల్లగా కనిపించింది. అది దవడ ఎముకే అని తీర్మానించుకున్నాను.

ఇప్పుడు చెప్పండి, నేను పైకి వెళ్ళి ఏమని లేపాలి? మేష్టారిని అంతమందిలో నిలబెట్టిన మనిషిని. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇదేనని ఆవిడ అననక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు. ఆ తర్వాత టీవీ ముందు కూర్చోవాలి, జీవితాంతం. కాబట్టి ఆవిడ లేచేలోగా నా మూత నేనే వేసుకుందామని నిశ్చయించుకున్నాను. ఆ సామానంతా తెప్పించేది నేనే కదా. ఏ పెట్టె ఎప్పుడు పాడవుతుందో కంఠతా వచ్చు. వడ్డించేవాడికి వంట వచ్చినట్టే నాకు వైద్యం వచ్చనుకున్నాను.

సొరుగు తీశాను. తాత్కాలికంగా వేసేవి రెండు రకాలు కనిపించాయి. ఒకటి, చిన్న డబ్బాలో కలిపి సిద్ధంగా ఉన్న మెత్తటి ముద్ద. రెండోది, ఒక సీసాలో తెల్లటి పొడి, ఇంకో సీసాలో లవంగ నూనె. ఇవి రెండూ గాజుపలక మీద నూరి కలపాలి. సిద్ధంగా ఉన్న ముద్ద ఉండగా నూరడం దేనికని ముద్దే ఎంచుకున్నాను.

వేలికి అంటుకుంటుందేమోనని చెయ్యి బాగా తడి చేసుకున్నాను. తడిచేత్తో డబ్బాలో వేలు పెట్టి, కలియబెట్టి, కొంచెం తీశాను. అప్పుడు ఎవరో వీధి తలుపు తట్టారు. వెళ్ళి, డాక్టరుగారు నాలుగింటికి వస్తారని చెప్పి వచ్చాను. వచ్చేసరికి నా వేలిమీదది బిగుసుకుంటోంది. డబ్బాలోదీ బిగుసుకుంటోంది. ఆ ముద్దని గట్టిపరిచేది తడేనట. నోట్లో ఉమ్మి తగిలి గట్టిపడాలని దాన్ని అలా తయారు చేస్తారట. పెట్టె మీద రాసే ఉంది. నేను తేదీ ఒక్కటే చదివేవాణ్ణి.

వేలిమీదది గోటితో గీకి తీసుకుని, డబ్బాకి మూత పెట్టి, వెనక్కి నెట్టి, నూనె సీసా తీశాను. అడుసు తొక్కాక రెండో కాలు ఎందుకు దాచుకోవాలి?

గాజుపలక మీద నూనె పోశాను. నూనె ఎక్కువైంది. పొడి వేశాను. పొడి ఎక్కువైంది. నూనె పోశాను. అలా రెండూ పోటీపడి, చివరికి పలక మీద చపాతీకి సరిపడా ముద్ద తయారైంది. నా పంటికి కావలసింది మినపగింజంత.

అద్దంలో చూస్తూ పెట్టుకోవడం మొదలుపెట్టాను. అద్దంలో కుడి ఎడమవుతుంది, పైన కింద అవుతుంది. మొదటి ముద్ద చెంపకి పెట్టాను. రెండోది నాలుకకి. మూడోది పంటికి చేరింది. మళ్ళీ ఊడకూడదని, పైన ఇంకాస్త పెట్టి వేలితో బాగా నొక్కాను. చెంప భగ్గున మండింది. నాలుక చివర మొద్దుబారింది. నోరు మూస్తే ఆ ఒక్క పన్నే కింది పన్నుకి తగులుతోంది. మిగతావన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

పలక కడిగాను, సొరుగు మూశాను, కిటికీలు తెరిచాను, అగరొత్తి వెలిగించాను. మా ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. నేను కుర్చీలో కూర్చుని పేపరు తిరగేశాను.

"ఏమిటీ, లవంగం వాసన?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాణ్ణి నేనే. వాసన అంటే వాసన అని ఊరుకోవచ్చు కదా. "మేష్టాలు వచ్చాలు," అన్నాను. నాలుక సహకరించలేదు.

"ఎవరు?"

"మేష్టారు. మధ్యాహ్నం వచ్చారు. ఫిల్లింగు మళ్ళీ ఊడిందట. ఆయన నోట్లోంచే ఈ వాసన. నువ్వు పడుకున్నావని తర్వాత రమ్మన్నాను. మందలించలేదు."

మా ఆవిడ నన్ను కాసేపు చూసింది. "పాపం. ఉమ్మి దిగితే కష్టం. ఇప్పుడే రమ్మని ఫోన్ చెయ్యండి."

"చేస్తాలే."

"నా ముందు చెయ్యండి. నేను కూడా ఒక మాట వింటాను."

కుడితిలో పడ్డ ఎలుక కూడా కాసేపు ఈదుతుంది. నేను ఫోన్ ఎత్తాను.

"మేష్టారూ, పళ్ళ ఆసుపత్రి నుంచి. మీరు మధ్యాహ్నం వచ్చి వెళ్ళారు కదా."

"నేనా? నేను మధ్యాహ్నం పడుకున్నాను నాయనా."

"అవునవును. ఫిల్లింగు ఊడిందన్నారు కదా. డాక్టరుగారు వెంటనే రమ్మంటున్నారు."

"నా ఫిల్లింగు ఊడిందా? నాకు తెలియలేదే. నువ్వెలా చూశావు?"

"రండి, మాట్లాడుకుందాం," అని పెట్టేశాను. మా ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళింది.

ఆయన పావుగంటలో వచ్చారు. దారంతా నాలుకతో పన్ను తడుముకుంటూనే వచ్చినట్టున్నారు. చెప్పుల స్టాండు దగ్గరే ఆయన్ని ఆపి, చెవిలో సంగతంతా చెప్పాను.

"అయితే నన్ను అబద్ధం ఆడమంటావు."

"ఆడక్కర్లేదండీ. మౌనంగా ఉండండి చాలు."

"మొన్న నువ్వు తిట్టినప్పుడు మౌనంగానే ఉన్నాను. ఆ మౌనం నాకు ఇప్పటికీ అరగలేదు." ఆయన ముందుగదిలో చూశారు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. "ఆవేళ ఎంతమంది ఉన్నారో ఇవాళా అంతమంది ఉన్నారు. నీది తప్పని వాళ్ళ ముందు చెప్పు. తర్వాత చూద్దాం."

నిలబడి చెప్పాను. "మొన్న మేష్టారిని అలా అనడం నా తప్పు. ఫిల్లింగు ఎవరిదైనా ఊడుతుంది. ఊడినవాళ్ళని అనకూడదు." నాలుక మొద్దుబారిపోవడంతో సగం అక్షరాలు దొర్లిపోయాయి. జనం ఇది కూడా ఒక జాగ్రత్తే అనుకుని శ్రద్ధగా తలలు ఊపారు. మేష్టారు మాత్రం తృప్తిగా లోపలికి నడిచారు.

తలుపు ఓరగా ఉంది. నేను పేపరు పట్టుకుని గోడకి ఆనుకున్నాను.

"చెక్కుచెదరలేదే మేష్టారూ," మా ఆవిడ గొంతు. "ఊడిందన్నారట?"

"ఊడిందన్నది నేను కాదమ్మా. ఊడిందని నాకు ఫోన్ వచ్చింది."

ఆయన్ని తప్పు పట్టలేను. అబద్ధం ఆడక్కర్లేదని చెప్పింది నేనే. ఆయన నవ్వుకుంటూ బయటికి వచ్చి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. వెనకే మా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది. "మీరు లోపలికి రండి," అంది. బల్లల మీద ఉన్నవాళ్ళంతా ఎవరా అని చూశారు. అది నేనే అని తెలిసి నాకే జాలేసింది.

కుర్చీలో వెనక్కి వాలాను. దీపం ముఖం మీదికి వచ్చింది. మీ ఆవిడలకి ఎవరికీ లేని సౌకర్యం మా ఆవిడకి ఉంది. మొగుడు నోరు తెరుచుకుని, ఎదురు మాట్లాడలేకుండా పడుకుని ఉంటాడు.

"మేష్టారికి లవంగ నూనె పడదు. చెంప పొక్కుతుంది. అందుకని ఆయనకి ఆ ముద్దే వాడాను," అంది, చేతులకి తొడుగులు వేసుకుంటూ. "ఎవరి నోట్లో ఏం పెట్టానో నాకు గుర్తుండదనుకున్నారా? మీరు ఆయన పేరు చెప్పిన నిమిషంలోనే తెలిసింది."

"ఆ... ఆ..." అన్నాను.

"మరి ఫోన్ ఎందుకు చేయించానంటారా? ఎక్కడైనా ఆగి నిజం చెబుతారేమో అని. మీరు ఆగే మనిషి కారు."

నోట్లోకి ఏదో పనిముట్టు పెట్టి ఒక్క తోపు తోసింది. నేను మధ్యాహ్నమంతా కష్టపడి కట్టుకున్నది ముక్కలు కాకుండా అలాగే బయటికి వచ్చింది. దాన్ని దీపం కింద పట్టుకుని చూసింది. "పంటి మీద మిద్దె కట్టారు," అంది.

నోరు కడిగాక, లేచి కూర్చుని అసలు భయం బయటపెట్టాను. "లోపలికి ఉమ్మి దిగిపోయి ఉంటుంది కదా. అడుగున ఎముక కూడా కనిపించింది."

"అది ఎముక కాదు. నేను వేసిన సిమెంటు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అందరికీ ఒకటే వెయ్యనండీ. చెప్పిన మాట వినేవాళ్ళకి ముద్ద ఒక్కటే చాలు, తర్వాత తీయడం సుళువు. నెలల తరబడి తిరిగి రానివాళ్ళకి గట్టిది వేస్తాను. మీకు అడుగున గట్టి సిమెంటు వేసి, దాని మీద ముద్ద పెట్టాను. మీరు వారంలోపల ఏదో ఒకటి నములుతారని వేసేటప్పుడే తెలుసు. పైది ఊడినా లోపలికి చుక్క దిగదు. మీరు ఏమీ చెయ్యకుండా రేపటిదాకా కూర్చుని ఉంటే సరిపోయేది."

అంటే ఆ డబ్బా, ఆ నూనె, ఆ మంట, ఆ అగరొత్తి, మేష్టారి ముందు ఆ క్షమాపణ, ఏదీ అక్కర్లేదన్నమాట. కొండని తవ్వినవాడికి కనీసం ఎలుకైనా దొరుకుతుంది.

"పోనీ, ఆ తెల్ల ఫిల్లింగేదో ఇవాళే వేసెయ్యి," అన్నాను, మాట మార్చడానికి.

"మీరు నూనె పూశారు కదా. ఆ నూనె తగిలిన చోట అది సరిగ్గా గట్టిపడదు. అంతా శుభ్రం చెయ్యాలి. చెంప కూడా పొక్కింది, అది తగ్గాలి. ఇవాళ మళ్ళీ తాత్కాలికమే." కొత్త డబ్బా తెరిచింది. పాత డబ్బా గురించి ఏమీ అనలేదు. పక్కనే చెత్తబుట్టలో కనిపించింది.

ఆవిడ పని ముగించి, నన్ను పళ్ళు కరిపించి చూసింది. అన్నీ సమంగా తగిలాయి. ఇక లేచి వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ముందుగదిలోకా, మెట్ల మీదికా?

"సొరుగులో చెయ్యి పెట్టాను," అన్నాను. "మేష్టారిని కూడా ఇరికించాను. నువ్వు చెప్పిన రెండూ అయిపోయాయి. రేపటి నుంచి ఎవర్ని కూర్చోబెడతావు?"

మనసులో మాట చెప్పాలంటే, ఆ క్షణాన పన్ను మొత్తం పీకేసినా అంత బాధ ఉండేది కాదు.

ఆవిడ తొడుగులు తీసి, కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. వెనక్కి తిరగకుండానే అంది.

"కొత్తగా ఎవరన్నా వస్తే, వాళ్ళు ఎప్పుడు ఊడతారో, కింద ఏం వేసి ఉంచాలో మళ్ళీ మొదటినుంచీ తెలుసుకోవాలి. మీ గురించి తెలుసుకోవడానికే నాకు ఇంతకాలం పట్టింది. వెళ్ళి మీ కుర్చీలో కూర్చోండి. బయట జనం ఎదురుచూస్తున్నారు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఏదో ఒకటి అనాలి కదా, అందామని నోరు తెరిచాను.

"గంటసేపు మాట్లాడకూడదు," అంది ఆవిడ.

అలాంటి జాగ్రత్త ఏ ఫిల్లింగుకీ లేదు. అన్ని పెట్టెలూ ఆ రాత్రే కూర్చుని చదివాను, ఎక్కడా రాసి లేదు. అయినా ఆ గంటా నేను నోరు మెదపలేదు.